షుగర్ ఉన్న నాన్నగారికి రోజూ కూరగాయల జ్యూస్ ఇవ్వవచ్చా? ఇంట్లో ఎలా చేయాలి?

కడప నుంచి మీరు అడిగినది క్లుప్తంగా ఇది. నాన్నగారికి 58 ఏళ్లు, ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నారు. మొన్నటి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 8.1 వచ్చింది. వీడియోలు చూసి యాపిల్, బీట్‌రూట్, క్యారెట్ కలిపిన జ్యూస్ రోజూ పరగడుపున ఇద్దామనుకుంటున్నారు. అది మంచిదేనా, దానివల్ల మాత్రలు తగ్గుతాయా, థైరాయిడ్ ఉన్న అమ్మకు కూడా అదే ఇవ్వవచ్చా అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా చెబుతాను. జ్యూస్ ఇవ్వవచ్చు. అయితే మీరు అనుకుంటున్న జ్యూస్ కాదు. టిఫిను మానేసి ఇవ్వకూడదు, మాత్రలు మానేసి అసలే ఇవ్వకూడదు. కీరా ప్రధానంగా, మిక్సీలో రుబ్బి, వడకట్టకుండా, రోజుకు ఒక్క గ్లాసు, టిఫినుకు పది పదిహేను నిమిషాల ముందు. ఇంతవరకు చదివి ఆపేసినా మీ పని జరిగిపోతుంది. మిగతాదంతా ఎందుకు, ఎలా, ఎవరికి కూడదు అన్న వివరం.

నేను కర్నూలులో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. షుగర్ ఉన్నవారు నన్ను ఎక్కువగా అడిగేది అన్నం గురించి కాదు, జ్యూస్ గురించే. అన్నం తగ్గించమంటే ముఖం ముడుచుకునేవారు కూడా కాకర జ్యూస్ తాగమంటే సంతోషంగా తాగుతారు. చేదుగా ఉంటే మందులా పనిచేస్తుందని మనవాళ్ల నమ్మకం. కష్టపడి మింగాం కాబట్టి మధ్యాహ్నం ఇంకో ముద్ద సంగటి తినే హక్కు వచ్చిందన్న ధైర్యం కూడా దాని వెంటే వస్తుంది.

మొదట మీ యాపిల్, బీట్‌రూట్, క్యారెట్ సంగతి. ఒక మధ్యరకం యాపిల్, ఒక బీట్‌రూట్, రెండు క్యారెట్లు వేశారనుకుందాం. ఆ గ్లాసులో పిండిపదార్థం అంతా కలిపి 45 గ్రాముల దాకా ఉంటుంది. అందులో చక్కెరే దాదాపు 30 గ్రాములు, అంటే ఆరేడు చెంచాలు. ఆ చక్కెర సహజమైనదే, కాదనను. కానీ రక్తంలోకి వచ్చాక అది యాపిల్ నుంచి వచ్చిందా, చెరకు నుంచి వచ్చిందా అని ఒంటికి పట్టదు. పైగా ఆ పండునీ దుంపలనీ నమిలి తినాలంటే అరగంట పడుతుంది, కడుపు నిండుతుంది. గ్లాసులోదైతే రెండు నిమిషాల్లో లోపలికి పోతుంది. వడకట్టి తాగితే పీచు జల్లెడలోనే ఉండిపోయి చక్కెర మాత్రం కడుపులోకి వెళుతుంది. అందులో తేనె, బెల్లం వేసుకునేవారికి ఇక నేను చెప్పగలిగేది లేదు. బెల్లం కూడా చక్కెరే.

అలాగని క్యారెట్, బీట్‌రూట్ మానేయమని కాదు. కూరగా, వేపుడుగా, పచ్చిముక్కలుగా నిశ్చింతగా పెట్టండి. గ్లాసులో పోసి తాగించడంతోనే నాకు పేచీ.

ఇప్పుడు కీరా సంగతి చూడండి. 100 గ్రాముల కీరాలో పిండిపదార్థం సుమారు 4 గ్రాములు. టమాటా, సొరకాయ, కాకర, పాలకూర కూడా దాదాపు అంతే. క్యారెట్, బీట్‌రూట్ 10 గ్రాముల దగ్గర ఉంటాయి. అందుకే నేను చెప్పే జ్యూస్‌లన్నిటికీ మూలం కీరానే. నీరెక్కువ, ధర తక్కువ, ఏ రుచితోనైనా కలిసిపోతుంది.

రోజువారీ గ్లాసు ఇలా చేయండి. మధ్యరకం కీరా ఒకటి తీసుకుని రెండు కొనలూ కోసి, ఒక ముక్క నోట్లో వేసుకుని చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ పక్కన పెట్టేయండి. చేదు లేకపోతే పొట్టుతోనే ముక్కలు చేయండి, సుమారు 120 గ్రాములు చాలు. చిన్న టమాటా ఒకటి, గుప్పెడు కొత్తిమీర, పది పుదీనా ఆకులు, గోరంత అల్లం ముక్క వేసి, పావు గ్లాసు కాచి చల్లార్చిన నీళ్లతో మెత్తగా రుబ్బండి. చివర్లో అరచెక్క నిమ్మరసం పిండి, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు మిరియాల పొడి చల్లండి. ఒక గ్లాసు వస్తుంది. అంతా లెక్కవేస్తే పిండిపదార్థం 10 గ్రాముల లోపే. ఉప్పు వేయకపోతే మంచిది. జీలకర్ర, నిమ్మ ఉన్నప్పుడు రెండు రోజుల్లో ఆ లోటు తెలియకుండా పోతుంది. నాన్నగారికి బీపీ కూడా ఉంటే ఉప్పు డబ్బా ఆ దరిదాపులకే రానివ్వకండి.

చిక్కగా ఉంది, గొంతు దిగడం లేదని వడకట్టమంటారు. వడకట్టవద్దు, ఇంకాస్త నీళ్లు కలపండి. జ్యూసర్ కొనాలా అని అడిగేవారు చాలామంది. పిప్పి వేరుచేసే యంత్రం ఈ పనికి అక్కరలేదు. ఇంట్లో చట్నీ రుబ్బే మిక్సీ జారే చాలు. చేసిన అరగంటలో తాగేయాలి. పొద్దున చేసి సీసాలో పోసుకుని ఆఫీసుకు పట్టుకెళ్లడం, ముఖ్యంగా మన ఎండల్లో, వద్దు.

ఎండాకాలంలో మాకు కర్నూలులో 40 డిగ్రీలు దాటడం మామూలే, మీ కడప కూడా ఏమీ తక్కువ తినలేదు. ఆ రోజుల్లో నేను టమాటా తీసేసి మజ్జిగ చేర్చమంటాను. కీరా ముక్కలు, రెండు పెద్ద చెంచాల పెరుగు, ఎనిమిదో పదో కరివేపాకులు, అల్లం, జీలకర్ర, ముప్పావు గ్లాసు నీళ్లు. ఇది నాకు ఇష్టమైనది, రోగులకూ ఇష్టమైనది. మధ్యాహ్నం కూల్‌డ్రింక్, చెరకురసం, సోడా షర్బత్ తాగే అలవాటున్నవారికి దీన్ని ఆ వేళకు మార్చి ఇస్తాను. జ్యూస్ వల్ల షుగర్ తగ్గిందని నాకు చెప్పినవారిలో చాలామందికి జరిగింది అదే: కొత్తగా వచ్చిన గ్లాసు కంటే, దాని రాకతో మానేసిన గ్లాసు వల్లనే ఎక్కువ మేలు.

పాలకూర వేయాలనుకుంటే పచ్చిగా వేయకండి. గుప్పెడు ఆకును మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు పారబోసి, పెరుగుతో కలిపి రుబ్బండి. పాలకూరలో కిడ్నీ రాళ్లకు దారితీసే ఆక్సలేట్లు ఎక్కువ. ఉడికించి నీళ్లు వంపేస్తే కొంత పోతాయి. పెరుగులోని కాల్షియం మిగిలినదాంట్లో కొంతభాగాన్ని పేగుల్లోనే పట్టి ఉంచుతుంది. రోజూ కట్టలకు కట్టలు పచ్చి పాలకూర జ్యూస్ తాగి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. గతంలో కిడ్నీలో రాళ్లు వచ్చినవారు పాలకూరను జ్యూస్‌లోకి అసలు రానివ్వకూడదు. మరిగే నీళ్లలో ముంచడం వల్ల ఇంకో లాభం, ఆకుకూరల మీద మట్టితో వచ్చే క్రిములు, పురుగుల గుడ్లు చాలావరకు నశిస్తాయి. మా సి.క్యాంపు రైతు బజారులో ఆకుకూరలు తాజాగానే ఉంటాయి. తాజాగా ఉన్నంత మాత్రాన శుభ్రంగా ఉన్నట్టు కాదు. కొత్తిమీర, పుదీనా కూడా పారే నీళ్ల కింద ఆకు ఆకు కడగండి.

ఇక కాకర. ఎవరు ఏమన్నా మీరు దీన్ని ప్రయత్నిస్తారని నాకు తెలుసు కాబట్టి సరిగా చేసే పద్ధతి చెబుతాను. మధ్యరకం కాయలో పావు భాగం, అంటే 20, 25 గ్రాములు చాలు. గింజలు పూర్తిగా తీసేసి, ముక్కలకు ఉప్పు రాసి పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి, పైన చెప్పిన కీరా గ్లాసులో కలిపి రుబ్బండి. వారానికి రెండు మూడుసార్లు చాలు. కాకరలో షుగర్‌ను కొంత తగ్గించే గుణమున్న పదార్థాలు ఉన్న మాట నిజమే. కానీ మనుషుల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన 2012 నాటి సమీక్ష (వైద్య పరీక్షలను బేరీజు వేసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థది), టైప్ 2 మధుమేహానికి దాన్ని చికిత్సగా సూచించేంత ఆధారం లేదని తేల్చింది. కూరగాయగా తినండి, మందుగా లెక్కపెట్టకండి. గర్భిణులు, జి6పిడి లోపం (ఎర్ర రక్తకణాలు త్వరగా దెబ్బతినే పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవారు కాకర జ్యూస్ జోలికి వెళ్లకూడదు.

సొరకాయ మాత్రం జ్యూస్‌లో వద్దు. ఇది కాస్త గట్టిగా చెప్పాల్సిన విషయం. సొరకాయ, కాకర, దోస అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబంలో కుకుర్బిటాసిన్లు అనే చేదు విషపదార్థాలు ఉంటాయి. మామూలుగా సొరకాయలో చాలా తక్కువ. కానీ కొన్ని కాయల్లో అవి ప్రమాదకరమైన స్థాయికి చేరతాయి. పైకి చూస్తే తేడా తెలియదు, రుచిలోనే తెలుస్తుంది. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ జ్యూస్ తాగిన ఒక వ్యక్తి చనిపోయిన తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసింది. సంఘం చెప్పిన మాటల సారాంశం: ముందు ముక్క రుచి చూడాలి, చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాలి, సొరకాయ రసాన్ని ఇతర రసాలతో కలపకూడదు, తాగాక వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దీనికి విరుగుడు మందు లేదు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే మిశ్రమం కాకర, సొరకాయ కలిపినదే. అందులో సొరకాయ చేదెక్కి ఉన్నా కాకర చేదు కింద దాగిపోతుంది. చేదుగా ఉంది కాబట్టి బాగా పనిచేస్తోందనుకుని గటగటా తాగేస్తారు. వాకింగ్ మైదానాల బయట పొద్దున్నే బండ్ల మీద అమ్మే జ్యూస్‌లు వద్దని నేను చెప్పడానికి పెద్ద కారణం ఇదే. ఆ కాయను కోసేటప్పుడు ఎవరు రుచి చూశారు? సొరకాయను పప్పులో, కూరలో హాయిగా తినండి. వండేటప్పుడు కూడా చేదుగా అనిపిస్తే పారేయండి, ఉడికించినంత మాత్రాన ఆ విషం పోదు.

బూడిద గుమ్మడి గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక్క మాట. హాని లేదు, కేలరీలు తక్కువ, నీరు ఎక్కువ. అంతకు మించి షుగర్ విషయంలో దానికి ప్రత్యేక మహిమ ఏదీ లేదు. ఇంటి ముందు కడితే దిష్టి పోతుంది, గ్లాసులో పోస్తే షుగర్ పోతుంది అని రెండు పనులూ దానికే అప్పగించాం, పాపం.

ఇప్పుడు మీ నాన్నగారి మాత్రల విషయం. గ్లిమెపిరైడ్ వేసుకునేవారు జ్యూస్ తాగి టిఫిను మానేస్తే షుగర్ బాగా పడిపోయే ప్రమాదం ఉంది. నంద్యాల నుంచి వచ్చే ఒక రిటైర్డ్ ఆర్టీసీ ఉద్యోగి విషయంలో జరిగింది ఇదే. పొద్దున మాత్ర వేసుకుని, కాకర జ్యూస్ ఒక్కటే తాగి, బరువు కూడా తగ్గుతుందని టిఫిను మానేసి నడకకు వెళ్లారు. దారిలో చెమటలు పట్టి, చేతులు వణికి కూలబడ్డారు. పక్కనున్నవారు గుండెపోటనుకున్నారు. పరీక్షిస్తే షుగర్ 52. ఆయన మాత్రం జ్యూస్ ఎంత బాగా పనిచేసిందో చూడండని నాతో అన్నారు! పనిచేసింది ఖాళీ కడుపు మీద మాత్ర. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వాలి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, నేరుగా ఆసుపత్రికే.

మాత్రలు తగ్గుతాయా అంటే, జ్యూస్ వల్ల తగ్గవు. తిండి మారి, నడక మొదలై, బరువు దిగి, మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ 7 కంటే తగ్గితే అప్పుడు మీ డాక్టరే తగ్గిస్తారు. 8.1 ఉన్నప్పుడు మీ అంతట మీరు మాత్ర ఆపడం అంటే కళ్లకూ కిడ్నీలకూ ఎసరు పెట్టడమే.

తిండి అన్నాను కాబట్టి చెబుతున్నాను. మీరు ఆయన టిఫిను ఏమిటో రాయలేదు. మన వైపు చాలా ఇళ్లలో పొద్దున బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు చూడటానికి తేలిక, షుగర్ పెంచడంలో మాత్రం కాదు. రెండు ప్లేట్ల ఉగ్గాని ముందు ఈ కీరా గ్లాసు ఏమీ చేయలేదు. రాగి సంగటి కూడా అంతే. రాగి కదా అని పెద్ద ముద్దలు రెండు తింటారు. రాగుల్లో కూడా మూడింట రెండు వంతులకు పైగా పిండిపదార్థమే, పైగా సంగటిలో బియ్యం నూక కూడా కలుపుతాం. చిన్న ముద్ద, దాని పక్కన పెద్ద గిన్నె ఆకుకూర పప్పు, అప్పుడు సంగటితో తగాదా లేదు. పొద్దున పూట ఒక జొన్న రొట్టె, దానిలోకి వంకాయ కూరో, గోరుచిక్కుడు కూరో, లేదా రెండు పెసరట్లు, వాటి ముందు ఈ జ్యూస్. టిఫిను ఆలస్యమవుతుందనుకుంటే జ్యూస్‌తో పాటు గుప్పెడు ఉడికించిన వేరుశనగ కాయలు ఇవ్వండి. ఆ పక్కనే అనంతపురం ఉండగా బాదంపప్పు కోసం డబ్బు పోయనక్కరలేదు.

నిజానికి నన్నడిగితే అదే కీరా, అదే టమాటా ముక్కలుగా కోసి నమిలి తినడమే జ్యూస్ కంటే మంచిది. అయినా జ్యూస్‌ను పూర్తిగా కొట్టిపారేయను. మన పళ్లెంలో అన్నమో సంగటో కొండంత ఉంటుంది, పప్పు, ఊరిబిండి, పచ్చడి ఉంటాయి, కూరగాయ మాత్రం వేలితో తీసుకునేంత. పళ్లు సరిగా లేని పెద్దవారు పచ్చిముక్కలు నమలలేరు. అలాంటివారికి రోజూ 200 గ్రాముల కూరగాయ లోపలికి వెళ్లే సులువైన దారి ఇది. మీ నాన్నగారు సలాడ్ ముక్కలు ఇష్టంగా తింటారంటే మాత్రం మిక్సీ కడిగే పని కూడా తప్పుతుంది.

జ్యూస్ ఆయనకు సరిపడుతోందో లేదో నన్ను అడగడం కంటే గ్లూకోమీటర్‌ను అడగండి. ఒక రోజు జ్యూస్ లేకుండా మామూలు టిఫిను పెట్టి, తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి రెండు గంటలకు ఒకసారి చూడండి. ఇంకో రోజు అదే టిఫిను, అంతే పరిమాణంలో, జ్యూస్‌తో కలిపి ఇచ్చి చూడండి. రెండు గంటల రీడింగ్ 180 లోపు ఉండాలన్నది సాధారణ లక్ష్యం. ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకండి. మంచి మీటర్లలో కూడా 15 శాతం అటూ ఇటూ తేడా సహజం. 200 చూపితే అసలు విలువ 170 కావచ్చు, 230 కావచ్చు. అందుకే రెండు రకాలూ రెండు మూడు రోజుల చొప్పున చూసి పోల్చండి. ల్యాబులో ఫాస్టింగ్ పరీక్ష ఉన్న రోజు మాత్రం పరీక్ష అయ్యేదాకా జ్యూస్ ఇవ్వకండి. జ్యూసే కదా, తిండి కాదుగా అని తాగి వచ్చి రిపోర్టు చూసి కంగారుపడేవారు మాకు తరచూ తగులుతుంటారు.

మొదలుపెట్టే ముందు కిడ్నీ పరీక్ష చూసుకోండి. మీరు క్రియాటినిన్ ఎంతో రాయలేదు. ఆరేళ్ల షుగర్ అంటే ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు జరుగుతూ ఉండాలి. కిడ్నీలు దెబ్బతిని రక్తంలో పొటాషియం పెరిగే స్థితి ఉంటే టమాటా, పాలకూర, కొత్తిమీర రుబ్బి తాగించడం ప్రమాదం. బీపీకి టెల్మిసార్టన్ లాంటి మాత్ర వాడుతుంటే పొటాషియం మీద ఇంకాస్త కన్నేసి ఉంచాలి. గుండె జబ్బుకు రక్తం పలుచబడే వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వాడేవారు కూడా ఆకుకూరల జ్యూస్ ఉన్నట్టుండి మొదలుపెట్టకూడదు. ఆకుల్లోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. రిపోర్టులు బాగున్నాయంటే నిరభ్యంతరంగా రేపే మొదలుపెట్టండి.

చివరిగా మీ అమ్మగారి సంగతి. ఆవిడకు షుగర్ లేకపోయినా ఈ గ్లాసు తాగవచ్చు, అభ్యంతరం లేదు. ఇబ్బంది అంతా వేళ దగ్గరే. థైరాయిడ్ మాత్ర పరగడుపున వట్టి నీళ్లతోనే వేసుకోవాలి, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తీసుకోకూడదు. కాఫీ, జ్యూస్, మజ్జిగ ఏదైనా వెంటనే తాగితే మాత్ర ఒంటికి సరిగా పట్టదు. పెరుగు కలిపిన గ్లాసైతే ఇంకా దూరంగా, మాత్రకు నాలుగు గంటల తర్వాత, అంటే మధ్యాహ్నం భోజనం ముందు ఇవ్వండి. ఆదోని నుంచి వచ్చే ఒకావిడకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) ఎందుకు దిగడం లేదో తెలియక డాక్టరు మోతాదు పెంచుతూ పోయారు. తీరా ఆరా తీస్తే ఆవిడ మాత్రను మింగుతున్నది జ్యూస్‌తోనే. మాత్ర నీళ్లకూ, జ్యూస్ టిఫిను వేళకూ మార్చాక అదే మోతాదు ఎక్కువైంది, మళ్లీ తగ్గించాల్సి వచ్చింది. కాబట్టి అమ్మగారి వేళ మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఒకసారి టీఎస్‌హెచ్ చేయించి డాక్టరుకు చూపించండి.